థాలియం స్కాన్ రాశారా? చీటీ అందిన రోజు నుంచి రిపోర్టు చదివే దాకా

మా నాన్నకు డాక్టర్ గారు స్ట్రెస్ థాలియం రాసినప్పుడు ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న గుండె గురించి కాదు. "థాలియం అంటే ఎలుకల మందులో వాడేది కదరా, దాన్ని నరంలోకి ఎక్కిస్తారా?" అని మా మేనత్త ఫోన్ చేసి అడిగింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఒకప్పుడు థాలియం లవణాలను ఎలుకల మందుగా వాడేవారు. స్కాన్‌లో ఇచ్చేది మాత్రం విషంగా పనిచేయలేనంత సూక్ష్మమైన మోతాదు. అసలు సంగతేమిటంటే, ఇప్పుడు చాలా చోట్ల ఈ పరీక్షకు థాలియం వాడటమే లేదు. దాని స్థానంలో టెక్నీషియం-99ఎం అనే, రేడియేషన్ వెలువరించే పదార్థం వచ్చి చాలా ఏళ్లయింది. పాత పేరే నోళ్లలో ఉండిపోయింది. చీటీ మీద స్ట్రెస్ థాలియం అని ఉన్నా, ఎంపీఐ అని ఉన్నా, సెస్టామిబి అని ఉన్నా, మయోకార్డియల్ పర్ఫ్యూజన్ స్పెక్ట్ అని ఉన్నా దాదాపు ఒకే పరీక్ష.

అడగాల్సిన రెండో ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. అదే మమ్మల్ని ముంచింది. పరీక్ష రోజు తెల్లవారుజామున నాన్న అలవాటు కొద్దీ కాఫీ తాగేశారు. సెంటర్లో అమ్మాయి "కాఫీ, టీ ఏమైనా తీసుకున్నారా సార్?" అని అడిగితే "అర గ్లాసే కదమ్మా" అన్నారు. అంతే, పరీక్ష వాయిదా. మాకిచ్చిన కాగితంలో ఉపవాసం అని ఉంది తప్ప కాఫీ ఊసే లేదు. మా నాన్న లెక్కలో కాఫీ ఏకాదశి ఉపవాసానికే అడ్డు కాదు, ఇక ఆసుపత్రి ఉపవాసం ఎంత? ఆ రోజు తెలుసుకున్నవీ, తరవాత అమ్మకు ఇదే పరీక్ష చేయించినప్పుడు అడిగి తెలుసుకున్నవీ కలిపి వరసగా రాస్తున్నాను.

ఈ పరీక్ష దేన్ని చూస్తుంది?

కృష్ణా డెల్టాలో కాలువ చివర పొలం ఉన్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నారుమళ్ల రోజుల్లో కాలువలో పూడిక ఉన్నా పెద్దగా తెలియదు. కావలసిన నీళ్లు కొంచెమే కాబట్టి చివరి దాకా అందుతాయి. నాట్లు మొదలై అందరూ ఒకేసారి నీళ్లు పెట్టుకున్నప్పుడు బయటపడుతుంది అసలు బండారం. గుండె రక్తనాళం కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్న నాళం అవసరమైనప్పుడు మామూలు కంటే మూడు నాలుగు రెట్ల రక్తం పంపగలదు. సగానికి పైగా పూడిన నాళం, మనిషి కుర్చీలో కూర్చున్నంత సేపూ సరిపడా రక్తం పంపుతూనే ఉంటుంది. మేడ మెట్లెక్కినప్పుడు చేతులెత్తేస్తుంది.

యాంజియోగ్రామ్ కాలువలో పూడిక ఎంతుందో చూపిస్తుంది. ఈ స్కాన్ పొలంలోకి దిగి మట్టి తడిసిందా లేదా చూస్తుంది. రెండూ వేరు వేరు ప్రశ్నలు. మన ఇళ్లలో గుండె జబ్బు అనగానే "ఎంత పర్సెంట్ బ్లాక్?" అన్నదే మొదటి మాట, పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు. 60 శాతం బ్లాక్ ఒకరిలో కండరాన్ని ఏమాత్రం ఇబ్బంది పెట్టకపోవచ్చు, ఇంకొకరిలో నాలుగడుగులు వేయనివ్వకపోవచ్చు. ఆ తేడా తేల్చడానికే ఈ పరీక్ష. అందుకే స్కాన్ రిపోర్టులో బ్లాక్ పర్సంటేజీ ఉండదు. దాని కోసం వెతికి కంగారు పడొద్దు.

ఎవరికి రాస్తారు?

నడిస్తే ఛాతీ పట్టేస్తోందని చెప్పినవాళ్లకు, ఈసీజీలో ముందే తేడాలుండి మామూలు టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే ఈసీజీ) తేల్చలేని వాళ్లకు, మోకాళ్ల నొప్పుల వల్ల ట్రెడ్‌మిల్ ఎక్కలేని వాళ్లకు ఎక్కువగా రాస్తారు. సీటీ యాంజియోలో అటూ ఇటూ కాని మధ్యస్థ బ్లాక్ కనబడినా, స్టెంటో బైపాసో అయ్యాక మళ్లీ ఆయాసం మొదలైనా రాస్తారు. పాత హార్ట్ ఎటాక్‌లో దెబ్బతిన్న కండరంలో ఇంకా ప్రాణం ఉందా అని చూడటానికి కూడా దీని తోబుట్టువు లాంటి పరీక్షలు చేస్తారు. వాటిని వయబిలిటీ స్టడీ అంటారు.

ఏ ఇబ్బందీ లేని మనిషి హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా ఊరికే చేయించుకునే పరీక్ష కాదిది. ఇక కూర్చున్నా తగ్గని ఛాతీ నొప్పి, చెమటలు, ఎడమ చేతి లాగుడు ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. అది 108కి ఫోన్ చేయాల్సిన సమయం.

పరీక్షకు ముందు ఇంట్లో చేసుకోవాల్సినవి

ఎక్కువ పరీక్షలు చెడేది ఇక్కడే కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తాను.

ముందుగా సెంటర్‌కు ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "నడిపిస్తారా, మందిస్తారా?" గుండెకు శ్రమ కలిగించడానికి రెండు దారులున్నాయి. ఒకటి ట్రెడ్‌మిల్. రెండోది నడవలేని వాళ్లకు సూదిమందు: అడినోసిన్, డైపిరిడమోల్, కొన్ని చోట్ల రెగాడెనోసాన్. ఈ మందులు రక్తనాళాలను విప్పారేలా చేస్తాయి. మంచి నాళం విచ్చుకుంటుంది, పూడిన నాళం విచ్చుకోలేదు, తేడా ఫొటోలో పడుతుంది.

కాఫీ సంగతి ఇక్కడొస్తుంది. అడినోసిన్ వెళ్లి కూర్చోవాల్సిన పీటల మీద కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. మందు ఎక్కించినా నాళాలు సరిగా విచ్చుకోవు. అప్పుడు నిజంగా జబ్బున్న గుండె కూడా ఫొటోలో బాగానే కనబడే ప్రమాదం ఉంది. అంటే ఆ రోజు మమ్మల్ని వెనక్కి పంపిన అమ్మాయి మాకు మేలే చేసింది. సెంటర్ను బట్టి 12 నుంచి 24 గంటలు మానేయమంటారు. 24 గంటలనుకుంటే ఏ గొడవా ఉండదు. కాఫీ, టీ, గ్రీన్ టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్, ఎనర్జీ డ్రింకులు, అన్నీ. డీకాఫ్‌లో కూడా కొంత కెఫీన్ ఉంటుంది. తలనొప్పి మాత్రల్లో కొన్నింటిలో కెఫీన్ కలుస్తుంది. కాఫీ మానేసి తలనొప్పి వచ్చిందని ఆ మాత్రే వేసుకుంటే చేసిందంతా వృథా. రేకు వెనక రాసి ఉంటుంది, చూసుకోండి. నడిపిస్తామన్నా సరే కాఫీ మానేయండి. నడక మధ్యలో ఆగిపోతే అప్పటికప్పుడు సూదిమందుకు మారుస్తారు.

మందుల విషయం. బీపీకో గుండెకో వాడే బీటా బ్లాకర్లు, అంటే మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్ లాంటివి, గుండె వేగాన్ని పెరగనివ్వవు. డిల్టియాజెమ్, వెరపామిల్ కూడా అలాంటివే. నైట్రేట్ మాత్రలు జబ్బును కప్పిపెట్టగలవు. అందుకని కొందరికి ఒకటి రెండు రోజుల ముందు వీటిని ఆపమంటారు. కొందరికి మందులు వాడుతూనే పరీక్ష చేస్తారు, మందు పనిచేస్తోందా లేదా చూడాలనుకున్నప్పుడు. కాబట్టి పక్కింటాయన ఆపాడని మీరు ఆపకండి. బీటా బ్లాకర్ హఠాత్తుగా మానేస్తే కొందరిలో నొప్పి తిరగబెడుతుంది. మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, రాసిన డాక్టర్నే అడగండి.

ఆస్తమా ఉంటే మొదటి ఫోన్లోనే చెప్పాలి. పిల్లికూతలు ఉన్న మనిషికి అడినోసిన్ ఇస్తే శ్వాసనాళాలు బిగుసుకోవచ్చు. అలాంటివాళ్లకు డోబుటమిన్ అనే వేరే మందు వాడతారు. ఆయాసానికి వాడే డెరిఫిలిన్ వంటి థియోఫిలిన్ మాత్రలు కెఫీన్ చేసే పనే చేస్తాయి. అవి ఎన్నాళ్ల ముందు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో డాక్టర్ చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్లు: కనీసం నాలుగు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. మాత్రో ఇన్సులినో ఎప్పటిలాగే తీసుకుని ఖాళీ కడుపుతో వెళితే షుగర్ పడిపోతుంది. ఆ పూట మోతాదు ఎంతో ముందే అడగండి. గ్లూకోమీటర్, కాస్త చక్కెర సంచిలో పడేసుకోండి. పొద్దున్నే మొదటి నంబర్ ఇమ్మని అడిగితే ఇస్తారు.

గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా, పాలిచ్చే తల్లయినా ముందే చెప్పి తీరాలి.

బట్టల సంగతి చిన్నదే కానీ మా అమ్మకు చీరతో ట్రెడ్‌మిల్ ఎక్కాక గానీ తట్టలేదు. చుడీదార్, కాళ్లకు పట్టుండే బూట్లు మేలు. ఛాతీ మీద పడే లోహం ఫొటోలో నీడలా వస్తుంది కాబట్టి గొలుసులు ఇంట్లో పెట్టండి. మంగళసూత్రం తీయడానికి ఒప్పుకోని పెద్దవాళ్లుంటే కెమెరా పరిధిలోకి రాకుండా పక్కకు సర్దవచ్చేమో సిబ్బందిని అడగండి. పాత ఈసీజీలు, టూడీ ఎకో, యాంజియో రిపోర్టులు తీసుకెళ్లండి.

ఒక విన్నపం: రాలేకపోతే ముందు రోజే చెప్పండి. టెక్నీషియం సగం జీవితకాలం 6 గంటలే. ప్రతి 6 గంటలకూ దాని శక్తి సగమైపోతుంది. మీకోసం పొద్దున్న సిద్ధం చేసింది ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వాడుకునే సరుకు కాదు.

పరీక్ష రోజు

సగం రోజు పోతుందని అనుకునే వెళ్లండి. ఎక్కువ సేపు ఎదురుచూడటమే.

ముందు చేతికి కాన్యులా పెడతారు. సాధారణంగా రెండు టెక్నీషియం ఇంజెక్షన్లు, రెండు విడతల ఫొటోలు: ఒకటి విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఒకటి శ్రమ పడినప్పుడు. కొన్ని చోట్ల శ్రమ ముందు, విశ్రాంతి తరవాత. శ్రమ ఫొటోలు ముందే తీసి అవి శుభ్రంగా వస్తే రెండోది అక్కర్లేదని పంపేయడమూ ఉంది. ఒకే రోజున రెండూ చేస్తే మొదటి ఇంజెక్షన్ కొంచెం, రెండోది దానికి దాదాపు మూడు రెట్లు ఇస్తారు. మొదటిదాని వెలుగు రెండోదాన్ని పాడుచేయకుండా. బాగా లావుగా ఉన్నవాళ్లను రెండు రోజులు రమ్మంటారు.

ఇంజెక్షన్ ఇచ్చాక పాలు తాగమనో, కొవ్వున్న టిఫిన్ తినమనో అంటారు. మా నాన్న దీన్ని మర్యాద అనుకుని మొహమాటపడ్డారు. ఈ టెక్నీషియం మందు కాలేయం, పిత్తాశయం గుండా బయటికి పోతుంది. గుండెకు సరిగ్గా కిందే కాలేయం. అది మెరిసిపోతుంటే గుండె కింది గోడ కనబడదు. కొవ్వు తింటే పిత్తాశయం ముడుచుకుని ఆ సరుకును కిందికి పంపేస్తుంది. పెట్టినది తినండి, నీళ్లు తాగండి. కాఫీ మాత్రం శ్రమ దశ అయ్యే దాకా వద్దు.

అరగంట నుంచి గంట ఆగాక కెమెరా. ఎమ్మారై లాంటి గుహ కాదు, దబదబ చప్పుడూ ఉండదు. చేతులు తలపైకి పెట్టి పడుకుంటే రెండు పలకలు ఛాతీ చుట్టూ మెల్లగా తిరుగుతాయి, ఓ 15 నుంచి 20 నిమిషాలు. కొత్త రకం సీజడ్‌టీ కెమెరాలు ఇంకా త్వరగా ముగిస్తాయి. కెమెరా నుంచి రేడియేషన్ రాదు. వచ్చేది మీ ఒంట్లో నుంచి, అది పట్టుకుంటుందంతే. కదలకపోవడమే మీ పని. భుజం నొప్పి ఉంటే ముందే చెప్పి దిండు పెట్టించుకోండి. మధ్యలో కదిలితే లేని మచ్చలు వస్తాయి.

ఇప్పుడు శ్రమ. ట్రెడ్‌మిల్ మీద ఎక్కువగా బ్రూస్ పద్ధతి పాటిస్తారు. గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఎత్తు వాలుతో మొదలై ప్రతి 3 నిమిషాలకూ వేగమూ ఎత్తూ పెరుగుతాయి. గుండె వేగం 220లోంచి వయసు తీసేయగా వచ్చినదాంట్లో కనీసం 85 శాతం చేరాలి. 60 ఏళ్ల మనిషికి అది 136. అక్కడికి చేరాక నడుస్తుండగానే ఇంజెక్షన్ ఇచ్చి, ఇంకో నిమిషం పైగా నడవమంటారు. ఆ ఆఖరి నిమిషమే ముఖ్యం. కాళ్లు లాగుతున్నా అదొక్కటీ ఓపిక పట్టండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం మొహమాటం లేకుండా వెంటనే చెప్పాలి.

సూదిమందు అయితే మొహం వేడెక్కుతుంది, ఛాతీ బరువెక్కుతుంది, ఊపిరి ఆడనట్టుంటుంది, తల దిమ్మెక్కుతుంది. ఎటాక్ వచ్చేసిందనిపిస్తుంది కొందరికి. మా అమ్మ దేవుళ్లందరినీ తలుచుకుంది. అడినోసిన్ రక్తంలో సెకన్లలో విరిగిపోతుంది. ఆపగానే ఆ బాధ తగ్గిపోతుంది. తగ్గకపోతే అమినోఫిలిన్ అనే విరుగుడు పక్కనే ఉంచుకుంటారు. డాక్టర్, ఈసీజీ మానిటర్ దగ్గరుండగానే ఇదంతా జరుగుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. నడిచేది ఇప్పుడు, ఫొటో తీసేది గంట తరవాత. అప్పటికి గుండె సద్దుమణుగుతుంది కదా, ఇంకేం కనబడుతుంది? గోరింటాకును గుర్తు తెచ్చుకోండి. పెట్టిన చోట పండాక కడిగేసినా రంగు అక్కడే ఉంటుంది. సెస్టామిబి, అంటే టెక్నీషియం కలిపిన ఆ మందు, కూడా రక్తంతో పాటు కండర కణాల్లోకి వెళ్లి పట్టుకుని ఉండిపోతుంది. నడిచిన ఆ క్షణంలో రక్తం ఎక్కడికి అందిందో, ఎక్కడికి అందలేదో, గంట తరవాతి ఫొటోలో అదే కనబడుతుంది.

రేడియేషన్ భయం ఎంత?

రెండు విడతలూ కలిపి టెక్నీషియంతో సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు అనుకోవచ్చు. మోతాదును, యంత్రాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. అసలు థాలియంతో చేస్తే ఇంకా ఎక్కువ. మట్టి, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సహజంగా వచ్చేది ప్రపంచ సగటున 2.4. అంటే నాలుగేళ్ల సహజ రేడియేషన్ ఒక పూటలో. అనవసరంగా చేయించుకునేంత తేలికా కాదు, అవసరమైనప్పుడు వద్దనుకునేంత బరువూ కాదు.

ఒక రోజు గడిస్తే టెక్నీషియం పదహారో వంతుకు పడిపోతుంది. కొంత మూత్రంలోనూ పోతుంది కాబట్టి నీళ్లు బాగా తాగండి, బాత్రూమ్‌లో శుభ్రంగా ఫ్లష్ చేయండి. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉంటే ఆ ఒక్క రోజు ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దంటారు. కంచం, గ్లాసు వేరుచేసి మనిషిని మూల గదిలో పెట్టాల్సిన పని లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లు పరీక్ష తేదీకి, విమానం తేదీకి మధ్య ఎడం ఉండేలా చూసుకోండి. ఎయిర్‌పోర్టుల్లో రేడియేషన్ పసిగట్టే పరికరాలుంటాయి. టెక్నీషియం అయితే రెండు మూడు రోజుల్లో సద్దుమణుగుతుంది. థాలియం సగం జీవితకాలం 73 గంటలు కాబట్టి వారాల తరబడి మోగించగలదు. ఏది ఇచ్చారో, ఏ రోజు ఇచ్చారో రాసిన లెటర్ తీసుకుని పాస్‌పోర్ట్‌తో ఉంచుకోండి.

రిపోర్టు చదవడం

రంగుల చిత్రాలు చూసి ఎరుపు ప్రమాదం, నీలం క్షేమం అనుకోకండి. చాలా రంగు పట్టీల్లో అది తలకిందులు: వెలుగు ఎక్కువున్న చోట రక్తం బాగా అందింది. గుండెను మూడు దిశల్లో ముక్కలుగా కోసి చూపిస్తారు. శ్రమ చిత్రాలు ఒక వరస, విశ్రాంతివి దాని కింద వరస. కంటితో పైకీ కిందికీ పోల్చడమే అసలు చదువు.

శ్రమలో మచ్చ ఉండి విశ్రాంతిలో పోతే రివర్సిబుల్ డిఫెక్ట్ అంటారు. కండరం బతికే ఉంది, పనిపడినప్పుడు రక్తం చాలడం లేదు. దీన్నే ఇస్కీమియా అంటారు. రెండింటిలోనూ మచ్చ అలాగే ఉంటే ఫిక్స్‌డ్ డిఫెక్ట్, అంటే ఎక్కువగా పాత ఎటాక్ మిగిల్చిన గాయం. కొన్నిసార్లు అది ఉత్త నీడే. స్త్రీలలో రొమ్ము వల్ల ముందు గోడ, మగవాళ్లలో డయాఫ్రమ్ వల్ల కింది గోడ మసకగా కనబడటం మామూలు. ఆ చోట గోడ కదలిక బాగుందా అని చూసి, కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీసి తేలుస్తారు. రిపోర్టులో అటెన్యుయేషన్ అన్న మాట కనబడితే దాని అర్థం ఇదే.

ఎల్‌ఏడీ, ఆర్‌సీఏ, ఎల్‌సీఎక్స్ అన్నవి గుండెకు రక్తమిచ్చే మూడు నాళాల పేర్లు. ఎల్‌ఏడీ టెరిటరీ అంటే గుండె ముందు భాగం, కొన. ఆర్‌సీఏ అంటే కింది గోడ. ఎల్‌సీఎక్స్ అంటే పక్క గోడ.

అంకెలు కూడా ఉంటాయి. గుండె ఎడమ గదిని 17 భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులిస్తారు. 0 బాగుంది, 4 అసలు మందే చేరలేదు. మొత్తం 68. బడి మార్కులకు ఇది తిరగేసి: తక్కువైతేనే మంచిది. శ్రమ మార్కుల మొత్తం ఎస్‌ఎస్‌ఎస్: 3 దాకా మామూలు, 4 నుంచి 8 స్వల్పం, 9 నుంచి 13 మధ్యస్థం, ఆపైన తీవ్రం. విశ్రాంతి మొత్తం తీసేస్తే మిగిలేది ఎస్‌డీఎస్. డాక్టర్లు ముందు దీన్నే చూస్తారు, ఎందుకంటే చికిత్సతో బాగుపడగలిగిన భాగం అదే. 7 అంటే కండరంలో సుమారు 10 శాతం, అది పట్టించుకోవాల్సిన పరిమాణం. ఈఎఫ్, అంటే ఎడమ గదిలోని రక్తంలో ఒక్కోసారికి ఎంత శాతం బయటికి వెళుతోందో చెప్పే అంకె, సాధారణంగా 50కి పైన ఉండాలి. టీఐడీ ఉందని రాస్తే శ్రమలో గుండె గది ఉబ్బినట్టు కనబడిందని. మచ్చలు చిన్నవైనా దాన్ని తేలిగ్గా తీసుకోరు.

అది ఎందుకో కాలువ లెక్కలోనే తెలుస్తుంది. స్కాన్ ఒక పొలాన్ని పక్క పొలంతో పోల్చి చెబుతుంది. మూడు కాలువలూ సమానంగా పూడిపోతే అన్ని పొలాలూ ఒకేలా ఎండుతాయి, తేడా కనబడదు. అరుదే కానీ, మూడు నాళాల జబ్బు ఇలా తప్పించుకోగలదు.

నార్మల్ అని వస్తే ఏడాదిలో ఎటాక్‌కో గుండె మరణానికో గురయ్యే ప్రమాదం చాలామందిలో 1 శాతం లోపే. అలాగని నాళాల్లో కొవ్వే లేదని కాదు. రక్తాన్ని అడ్డుకోనంత చిన్న పేరుకుపోతలు ఈ పరీక్షలో కనబడవు. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర ఆ రోజు నుంచి మానేసే వాళ్లను చూశాను. మహా తప్పు.

పాజిటివ్ వస్తే వెంటనే స్టెంటేనా? 2020లో ప్రచురితమైన ఇస్కీమియా ట్రయల్ గురించి డాక్టర్ను అడగండి. మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మంది మీద చేశారు. వాళ్లలో మధ్యస్థ, తీవ్ర ఇస్కీమియా ఉన్న స్థిమితమైన రోగులు ఉన్నారు. ముందే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసినా, మొదట మందులతోనే చూసినా మూడేళ్లకు పైగా గమనించినప్పుడు ఎటాక్‌లు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాతీ నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఉపశమనం మాత్రం స్టెంటు, బైపాస్ వైపే మెరుగ్గా ఉంది. లెఫ్ట్ మెయిన్ (గుండె ఎడమ వైపు ప్రధాన నాళం) జబ్బు, ఈఎఫ్ 35 లోపు ఉన్నవాళ్లను అందులో తీసుకోలేదు, వాళ్ల లెక్క వేరు. కాబట్టి అడగాల్సింది "ఎంత పర్సెంట్?" కాదు. "మచ్చ ఎంత పెద్దది, ఎక్కడ, తిరిగి నిండేదేనా, లెఫ్ట్ మెయిన్ బాగుందని ఎలా తెలుస్తుంది, ముందు మందులతో చూద్దామా?"

బయటికొచ్చేటప్పుడు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండేళ్ల తరవాత ఇంకో డాక్టర్ పోల్చి చూడాలంటే నలుపు తెలుపు జిరాక్సులో ఆ చిత్రాలు ఎందుకూ పనికిరావు. మేం అది తీసుకోలేదు. అమ్మకు రెండోసారి రాసినప్పుడు పాత సెంటర్ చుట్టూ తిరగాల్సి వచ్చింది.